పూరీ యాత్రలో పొదుపైన భోజనము

మన ప్రాంతపు తెలుగు కుటుంబములలో పూరీ చూడనివారు అరుదు. బరంపురమున రైలెక్కి ఖుర్దారోడ్డు కూడలి చేరి, అచటినుండి శాఖామార్గమున 44 కిలోమీటర్లు పోయినచో జగన్నాథుని పట్టణము వచ్చును. కొందరు దైవదర్శనమునకు పోవుదురు. కొందరు సముద్రస్నానమునకు పోవుదురు. పాఠశాలల పిల్లలు విజ్ఞానయాత్రకై పోవుదురు.

పాఠశాల యాత్రకు పేర్లు వ్రాసికొను దినములలో మేము తరచుగా వినుమాట యొకటి కలదు. "రైలు చార్జీ ఎలాగో తెస్తాం మాష్టారూ, మూడు రోజులు పిల్లవాడి తిండికి ఎంతవుతుందో అదే భయం." ఈ భయముచేత తెలివిగల పిల్లలు కొందరు ఇంటివద్దనే నిలిచిపోవుచున్నారు. వెళ్ళినవారిలో కొందరు మొదటి దినమున చేతిసొమ్మంతయు వెచ్చించి, తక్కిన రెండు దినములు బిస్కత్తులతో గడపుచున్నారు. మరికొందరు కంటికింపైన దెల్ల తిని, కడుపునొప్పితో ఇల్లు చేరుచున్నారు. ఈ మూడు నష్టములును తెలిసికొని మెలగినచో తప్పునవే. కావున ఈ పాఠమును విద్యార్థులకే గాక వారి తలిదండ్రులకును ఉద్దేశించి వ్రాయుచున్నాము.

మొదటి సూత్రము

పరదేశికొరకు ప్రత్యేకముగా వండిన తిండి ఏ యూరనైనను ఖరీదైనది. ఆ యూరివారు దినదినము తినునది చౌకయైనది. యాత్రికులు వచ్చు వీథులలో పెద్ద అద్దములు పెట్టి, దూరదేశపు వంటకముల పేర్లు వ్రాసి అమ్ము భోజనమునకు సామగ్రి దూరమునుండి రావలెను. అది నిలువ యుండవలెను. కొట్టు అద్దె చెల్లవలెను. ఈ వ్యయమంతయు మన పళ్ళెరములోనికే వచ్చును. ఆ యూరి పొలములలో పండిన కూరలు, ఆ యూరి కడలిలో దొరకిన చేపలు, నిత్యము వందలమంది కొరకు వండు అన్నము పప్పు, వీనికి ఇట్టి భారము లేదు. అవి నిలువయుండవు గనుక తాజాగానుండును.

అయితే చౌకయైనదెల్ల మంచిది కాదు. కడుపు నిండుట వేరు, శరీరమునకు పుష్టి కలుగుట వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, పళ్ళెరమున సగభాగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండవలెననియు, తక్కిన సగములో ధాన్యములు, పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలు మొదలగునవి యుండవలెననియు తెలిపిరి. యాత్రలో దీనిని గజము కొలిచినట్లు పాటింపలేము. కాని భోజనమునకు కూర్చున్నపుడు మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. పప్పో, చేపయో, గ్రుడ్డో, పెరుగో యున్నదా? కూర యున్నదా? వేడిగా నున్నదా? ఈ మూటికిని "ఉన్నది" అను సమాధానము వచ్చినచో ధర తక్కువయైనను ఆ భోజనము మంచిదే.

ఊరివారి భోజనము

ఒడియావారి యింట నిత్యము కనబడు వంటకము దాల్మా. కందిపప్పులోగాని పెసరపప్పులోగాని బొప్పాయికాయ, అరటికాయ, గుమ్మడి, వంకాయ, చేమదుంప మొదలగు ముక్కలు వేసి ఉడికింతురు. జీలకఱ్ఱ, ఆవాలు, మెంతులు, సోపు, నల్లజీలకఱ్ఱ అను ఐదు దినుసులతో పోపు పెట్టుదురు. దీనినే పంచఫుటణ మందురు. మన పప్పుకూరకు ఇది చుట్టమే; చింతపండు పులుపు మాత్రముండదు. బియ్యములోని మాంసకృత్తులలో లైసిను అను అంశము కొరవడును. పప్పులో అది సమృద్ధిగా నుండును. పప్పులో తక్కువైన మెథియొనిను బియ్యములో నుండును. కావున అన్నమును దాల్మాను కలిపి తినినచో ఒకదాని లోపమును రెండవది పూరించును. కూరముక్కలు అందులోనే యున్నవి గదా! తక్కువ సొమ్ముతో నిండు భోజనము కోరువాడు ముందుగా అడుగవలసినది ఇదియే.

రెండవది పఖాళ. ఇది మన చద్దన్నమే. వండిన అన్నములో నీరుపోసి రాత్రియంతయు ఉంచినచో అది కొంచెము పులియును, లాక్టికామ్లము పుట్టును, ఎండలో తిరిగి వచ్చినవారికి దాహము తీర్చును. ఏటేట మార్చి 20వ తేదీని ఒడియావారు పఖాళ దినముగా జరుపుకొనుచున్నారు. మన పిల్లలు కొందరు ఇంట చద్దన్నము తినుటకు సిగ్గుపడుదురు. దానినే పూరీలోని పెద్ద భోజనశాలలలో మట్టిపాత్రలో పోసి వడ్డించినపుడు అబ్బురముగా చూతురు! అయితే పఖాళలో నున్నది ముఖ్యముగా అన్నమే. దానితోపాటు వేయించిన ఆకుకూరయు, మినపవడియముల పొడియు, లేక చేపముక్కయు ఉండునట్లు చూచుకొనవలెను. నిమ్మచెక్క పిండుకొనినచో ఆకుకూరలోని ఇనుము శరీరమునకు మరింత బాగుగా పట్టును. శుభ్రత తెలియని చోట పఖాళ తినరాదు. అందులో పోసిన నీరు మంచిది కాకున్నచో మేలు కీడుగా మారును.

ఉదయమున ఇడ్లీ, ఉప్మా, మినపవడ అచటను దొరకును. వడను బఠాణీల కూరతో తినుట ఒడియావారి వాడుక. ఆ కూరను ఘుగుని యందురు. బొరుగులను వారు ముఢి యందురు. ముఢియు ఘుగునియు కలిపి తినినచో చౌకయైన ఫలాహారమగును. అటుకులు, పెరుగు, అరటిపండు కలిపినచో నిప్పు అవసరమే లేదు. అటుకులు ఇంటినుండి కొనిపోవచ్చును. పెరుగును పండును అచట కొనవచ్చును.

మహాప్రసాదము

పూరీలో భోజనమును గూర్చి చెప్పుచు మహాప్రసాదమును విడువరాదు. పన్నెండవ శతాబ్దమున అనంతవర్మ చోడగంగదేవుడు కట్టింప నారంభించిన జగన్నాథాలయపు వంటశాల లోకప్రసిద్ధమైనది. అచట కట్టెల మంటపై, మట్టికుండలలో, ఒక కుండపై నొక కుండ నుంచి వండుదురు. వండువారిని సుఆరులందురు. స్వామికి, పిమ్మట విమలాదేవికి నివేదించిన తరువాత ఆ యన్నమును ప్రాకారములోని ఆనందబజారునందు అమ్ముదురు.

అన్నము, పప్పు, ఆవపిండి పెట్టిన కూరయగు బేసర, ఆకుకూర, పులుపుకూర మొదలగునవి అందుండును. తియ్యని సువాసనగల అన్నమును కనికా యందురు. ఉల్లియు వెల్లుల్లియు వాడరు. బంగాళాదుంప, టమాటా, పచ్చిమిరప వంటి విదేశములనుండి వచ్చిన వానినిగూడ వాడరు. కంద, చేమ, అరటి, వంకాయ వంటి దేశీయ కూరలు వాడుదురు. విద్యార్థులు దీనియందు ఒక చరిత్ర పాఠమును గమనింపవలెను. అమెరికా ఖండమునుండి మిరపయు బంగాళాదుంపయు మన దేశమునకు వచ్చుటకు పూర్వము పాకశాల ఎట్లుండెనో ఈ వంటశాల నేటికిని చూపుచున్నది. మిరియము, అల్లము, ఆవాలతోనే రుచి పుట్టించుచున్నారు.

ఇందు మరియొక పాఠము కలదు. ఆనందబజారున కులభేదము పాటింపరు. ధనికుడును బీదవాడును నేలపై కూర్చుండి, ఒకే ఆకునుండి తీసికొని తినవచ్చును.

ఆలయములోనికి హిందువులకు మాత్రమే ప్రవేశము కలదు. కాని మహాప్రసాదమును వెలుపలికి తెచ్చుకొనవచ్చును. వేఱు మతములకు చెందిన సహాధ్యాయులున్న జట్టు దానిని బసకు తెచ్చుకొని, ఇష్టమైనవారందరు కలిసి తినుట మర్యాద. తోటివానిని గుమ్మమువద్ద నిలిపి మనము మాత్రము తినివచ్చుట మర్యాద కాదు.

పొదుపు తెలిసినవారు ఇచట రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, నివేదన ముగిసిన తరువాతనే ప్రసాదము వచ్చును. ఆ వేళ దినదినము మారుచుండును. చిన్నపిల్లలకు ఉదయము కొంచెము ఫలాహారము పెట్టియే పోవలెను. రెండవది, కుండ చేతికి తీసికొనుటకు ముందే ధర అడుగవలెను. నలుగురైదుగురు కలిసి కుండల లెక్కను కొనినచో ఒక్కొక్కరు వేఱుగా కొనుటకంటె చౌకగా వచ్చును. ఎంత తినగలమో అంతయే కొనవలెను. ప్రసాదమును పారవేయుట తగదు.

సముద్రపు పంట

చేపలు తినువారికి పూరీ మంచి చోటు. స్వర్గద్వారమువద్ద బెంగాలీ యాత్రికులకొరకు చేప అన్నము పెట్టు భోజనశాలలు అనేకములు కలవు. ఇచటను ఖరీదైన పేరునుబట్టి కాక గుణమునుబట్టి ఎంచుకొనవలెను. చందువ, వంజరము, పెద్ద రొయ్య ఎక్కువ వెల పలుకును. కవళ్ళు, కానాగంతలు తక్కువ వెలకు దొరకును. కాని గుండెకును మెదడుకును మేలుచేయు నూనె ఈ చిన్నచేపలలో సమృద్ధిగా నున్నది. మెత్తని ముల్లుతో తినగల చిన్నచేపలనుండి సున్నపుధాతువును లభించును. బీదవాని చేపయని వీనిని చిన్నచూపు చూడరాదు.

చేప కన్ను తేటగా ఉబికి యుండవలెను. మొప్పలు ఎఱ్ఱగా నుండవలెను. వేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేవవలెను. ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు, 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషేధింపబడును. వేసవి సెలవులలో పోవువారు ఆ దినములలో చేపల ధర హెచ్చుననియు, మంచులో నిలువ యుంచిన సరకు వచ్చుననియు ఎఱిగి యుండవలెను. కార్తీకమాసమున ఒడియా గృహములలో చాలమంది మత్స్యమాంసములను విడుతురు. ఆ నెలలో అచటి శాకభోజనమును రుచి చూచుట యుక్తము.

పూరీ తీరమున పెంటకోట యను బెస్తపల్లె కలదు. అచటివారిలో పెక్కుమంది ఆంధ్రతీరమునుండి వచ్చి స్థిరపడిన తెలుగువారే. ఒడియావారు వీరిని నోలియాలందురు. యాత్రికులు సముద్రస్నానము చేయునపుడు చేయిపట్టి కాపాడువారును వీరిలోనివారే. వీరి యిండ్లలో నేటికిని తెలుగు వినబడుచున్నది. మన పిల్లలు అచటికి పోయి, చేపలమ్ము స్త్రీని "అమ్మా, ఈ రోజు ఏ చేప చవక? ఏది తాజా?" అని అడిగినచో, ఏ పుస్తకమునను లేని సమాధానము లభించును. పరాయి యూరిలో మన భాష వినుటవలన కలుగు ఆనందము వేఱు. అయితే ఆ పల్లెను వింతవస్తువును చూచునట్లు చూడరాదు. కష్టపడి బ్రదుకు సోదరుల వాకిటికి పోవుచున్నామను వినయము మనకుండవలెను.

నీరు, పానీయములు, మిఠాయిలు

యాత్రలో కనబడకుండ సొమ్ము హరించునవి నీళ్ళసీసాలు, రంగు పానీయములు. 2021 జూలై 26వ తేదీని ఒడిశా ప్రభుత్వమువారు పూరీ పట్టణమున ఇరువదినాలుగు గంటలును కొళాయినుండి నేరుగా త్రాగదగిన నీటిని ఇచ్చు పథకమును ఆరంభించిరి. యాత్రికులకొరకు వీథులలోను కొళాయిలు ఏర్పరచిరి. కావున ప్రతి విద్యార్థియు ఒక గట్టి సీసాను ఇంటినుండి తెచ్చుకొనవలెను. కొళాయిచుట్టును శుభ్రముగా నున్నదో లేదో చూచి, నింపుకొనవలెను. అనుమానమున్నచోట కాచిన నీరే త్రాగవలెను.

ఆలయపు వీథియగు బొడొదాండొలో టంకతోరాణి యను పానీయము దొరకును. నీట నానిన అన్నపు తేటలో పెరుగు, అల్లము, కరివేపాకు, నిమ్మ ఆకు మొదలగునవి కలిపి చేయుదురు. కుండ నీరు మంచిదని తెలిసినచోట త్రాగవచ్చును. పూరీకి ముందున్న సాక్షిగోపాలము కొబ్బరితోటలకు పేరుపొందినది. లేతబొండమునకు వెల కొంచెము హెచ్చైనను, కలుషితము కాని నీరును, తినుటకు లేత కొబ్బరియును రెండును వచ్చును.

మిఠాయిలలో పూరీ ఖాజా మిక్కిలి ప్రసిద్ధము. మన తాపేశ్వరపు మడతకాజా తెలిసినవారికి దీని పొరలు క్రొత్త కాదు. ఒడియావారి అరిసా పిఠా మన అరిసెయే. ఒడిశా రసగోళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఖాజా చాలదినములు నిలువయుండును గనుక ఇంటివారికి తెచ్చుటకు తగినది. విఱిగిన పాలతో చేయు మిఠాయిలను మాత్రము కొన్ననాడే తినవలెను. మిఠాయి భోజనము కాదు. ఆకలితో నున్నవాడు ముందు అన్నము తినవలెను.

లెక్క

ధరలు ఏటేట మారును. పండుగలలో దినదినము మారును. కావున ఇది లెక్కించు పద్ధతి తెలియుటకై ఊహించిన ఉదాహరణ మాత్రమే. నలుగురుగల కుటుంబము భోజనమునకు దినమునకు 800 రూపాయలు కేటాయించినదని యనుకొందము.

ఉదయము ఫలాహారము: 120 రూపాయలు
మధ్యాహ్న భోజనము: 360 రూపాయలు
పండ్లు, సాయంకాలపు తిండి: 80 రూపాయలు
రాత్రి భోజనము: 240 రూపాయలు
మొత్తము: 800 రూపాయలు

మధ్యాహ్నమునకే పెద్దభాగ ముంచితిమి. అపుడే తాజా వంట దొరకును. నడచి అలసిన శరీరమునకు బలము కావలసినదియు అపుడే. ఇపుడు ఇదే కుటుంబములో ఒక్కొక్కరు దినమునకు రెండు నీళ్ళసీసాలు, రెండు రంగు పానీయములు, సీసా 20 రూపాయల చొప్పున కొనిరనుకొందము. 16 సీసాలకు 320 రూపాయలైనవి. 800లో ఇది నూటికి 40 వంతులు! మూడు దినములకు 960 రూపాయలగును. అనగా ఒక దినము భోజనపు సొమ్ముకంటె ఎక్కువ సీసాలలో పోయినదన్నమాట. పొదుపనగా అన్నము మానుట కాదు. ఇట్టి చిల్లులు మూయుట.

ఒడిశా ప్రభుత్వమువారు 2015 ఏప్రిల్ 1వ తేదీని "ఆహార్" కేంద్రములు స్థాపించి, అన్నమును దాల్మాను 5 రూపాయలకు పెట్టనారంభించిరి. మొదట తెరచిన పట్టణములలో మన బరంపురమును ఒకటి. ఈ భోజనము కూలివారికి, ఆసుపత్రికి వచ్చిన బీదలకు ఉద్దేశించినది. అవసరమైనవారు అచట తినుటకు సిగ్గుపడనక్కఱలేదు. అవసరము లేనివారు వేడుకకై పోయి, ఆకలిగొన్నవాని వంతు తినరాదు.

జాగ్రత్తలు

1. తినుటకు ముందు సబ్బుతో చేతులు కడుగవలెను. ఇసుకలో ఆడిన పిల్లల విషయమున ఇది మరువరాదు.
2. కోసి యుంచిన పండ్లు కొనరాదు. తొక్కగల అరటి, బత్తాయి వంటివి కొని మనమే ఒలుచుకొనవలెను.
3. జనులు ఎక్కువగా తినుచోట తినవలెను. అచట వంట నిలువయుండదు.
4. కూర్చుండుటకు ముందు ధరయు, మారు అన్నము అందులో చేరియున్నదో లేదోయు అడుగవలెను.
5. విరేచనములు పట్టుకొనినచో దుకాణమునుండి ఓఆర్ఎస్ పొట్లము తెచ్చి, దానిపై వ్రాసిన కొలత ప్రకారము నీటిలో కలిపి త్రాగింపవలెను. అది దొరకనపుడు 1 లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన 6 టీచెంచాల పంచదారయు, అర టీచెంచా ఉప్పును కలిపి, కొంచెము కొంచెముగా ఇయ్యవలెను. జ్వరము వచ్చినను, రక్తము కనబడినను, పిల్లవాడు సోలిపోయినను వెంటనే వైద్యునివద్దకు కొనిపోవలెను.

రెండు భాషల బలము

మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు. బడిలో ఒడియాయు నేర్చుకొందురు. ఇది రెండింతల బరువని తలిదండ్రులు కొందరు చింతింతురు. పూరీ వీథిలో నిలిచిననాడు ఇది బరువు కాదని తెలియును. దూరప్రాంతపు యాత్రికుడు ధరల పలక చదువలేడు. దాల్మా యన నేమో యెఱుగడు. చూపిన దానిని కొని, అడిగినంత ఇచ్చును. మన పిల్లవాడు పలక చదువును, "కేతే టంకా?" అని ధర యడుగును, పెంటకోటలో తెలుగున పలకరించును. వాని జేబులో సొమ్ము తక్కువైనను వాడు ఆ యూరిలో పరదేశి కాడు.

కావున తలిదండ్రులకు మా మనవి. తిండి ఖర్చునకు భయపడి పిల్లలను యాత్ర మాన్పింపవలదు. అటుకుల మూటయు, గట్టి సీసాయు, చిన్న లెక్కపుస్తకమును ఇచ్చి పంపుడు. ప్రతిరాత్రి పిల్లవాడు ఆనాటి జమాఖర్చులు వ్రాసికొనవలెను. తిరిగివచ్చిన పిమ్మట దానిని మీ యెదుట చదువవలెను. ఆ పుస్తకమే వాని యాత్రాఫలమును తెలుపును.

అభ్యాసము

1. ఊరివారు తిను భోజనము చౌకగా నుండుటకు కారణము లేవి?
2. అన్నమును పప్పును కలిపి తినుటవలన ప్రయోజనమేమి?
3. మహాప్రసాదమున వాడని కూరలను నాల్గింటిని పేర్కొనుము. అవి మన దేశమునకు ఎచటినుండి వచ్చెనో ఉపాధ్యాయుని అడిగి తెలిసికొనుము.
4. ముగ్గురుగల కుటుంబము దినమునకు 540 రూపాయలు కేటాయించినది. పై పద్ధతిని నాలుగు భాగములుగా పంచి చూపుము.
5. మీ యింట వండు ఐదు వంటకముల పేర్లు తెలుగునను ఒడియాలోను వ్రాయుము. పేర్లు కలియునవి ఏవో గుర్తింపుము. తెలియనివానిని మీ అమ్మమ్మను, ఇరుగుపొరుగు ఒడియావారిని అడుగుము.